ఇంటర్నెట్టుతో కూడవచ్చు బ్రౌజరు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ పట్టణమున్నది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరునుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. తెలంగాణములో ఇంటింటికి నల్లాద్వారా నదీజలము నిచ్చు పథకమునకు 2015 జూన్ 8వ తేదీన పైలానును ఆవిష్కరించినది ఇచ్చటనే. ఆ పథకమునకే తరువాత మిషన్ భగీరథ యని పేరు వచ్చినది. నీటిగొట్టములకొరకు త్రవ్వు కందకములలోనే గాజుతీగకు, అనగా ఆప్టికల్ ఫైబరుకు, మరియొక సన్నని గొట్టమును పరచవలెనని ప్రభుత్వము తలపెట్టినది. త్రవ్వకపు ఖర్చు ఒక్కటి, ప్రయోజనములు రెండు. టీ-ఫైబరు అను ప్రభుత్వసంస్థ ప్రణాళిక ఈ ఆలోచనపై ఆధారపడినదే.

నీరును, సమాచారమును ఒకే కందకములో ప్రయాణము చేయవచ్చును గాని, ఇల్లు చేరిన పిమ్మట రెండింటి కథ వేరగును. నీటిని పట్టుకొనుటకు ఏ బిందెయైనను చాలును. ఇత్తడిదా, స్టీలుదా అని నల్లా అడుగదు. గాజుతీగ ద్వారా వచ్చు సంకేతములను చదువుకొనుటకు మాత్రము బ్రౌజరు అను ప్రోగ్రాము కావలెను. దీనినే కొందరు తెలుగులో విహారిణి యనుచున్నారు. నిజమునకు తీగకూడ నల్లావంటిదే. ఏ బ్రౌజరు వాడుచున్నారని అది అడుగదు. అయినను అనేకగృహములలో కనెక్షను ఇచ్చిన సంస్థయే ఒక పెట్టెను, ఒక రిమోటును, ఆ పెట్టెలో ముందుగనే అమర్చిన బ్రౌజరును కూడ ఇచ్చుచున్నది. ఇంటివారు ఆ గుర్తునే ఇంటర్నెట్టు అని భావింతురు. ఈ భావన పొరపాటని చెప్పి ఊరకొనుటకు వీలులేదు. ఏలయన, బ్రౌజరు కేవలము బిందె కాదు. ఇంటివారి పక్షమున అది కొన్ని నిర్ణయములు చేయుచున్నది.

పాఠశాలలోని విద్యార్థి యొకడు తెలుగు వికీపీడియా చిరునామాను బ్రౌజరులో వ్రాసినాడనుకొందము. కంప్యూటర్లు ఒకదానినొకటి పేర్లతోగాక సంఖ్యలతో గుర్తించును. కనుక మొదట ఈ పేరునకు సంఖ్య ఏది యని ఒక నామసూచికను అడుగవలెను. సాధారణముగా ఆ సూచికను నడుపునది కనెక్షను ఇచ్చిన సంస్థయే. సంఖ్య తెలిసిన తరువాత బ్రౌజరు ఆ దూరపు కంప్యూటరును పిలిచి, పుటను తెప్పించును. వచ్చునది బొమ్మకాదు, ఇది శీర్షిక, ఇది పేరా, ఇచ్చట చిత్రము అను ఆదేశములతో కూడిన వ్రాతప్రతి. అచ్చుకూటమున కంపోజిటరు వ్రాతప్రతిని చూచి అక్షరములు కూర్చి పేజీ కట్టినట్లు, బ్రౌజరులోని ఇంజను అను భాగము ఆ వ్రాతప్రతినిబట్టి పుటను కట్టి తెరపై నిలుపును. ఇట్టి ఇంజనులలో నేడు ముఖ్యమైనవి మూడే: బ్లింక్, వెబ్‌కిట్, గెకో. బ్రౌజర్ల పేర్లు ఎన్నియున్నను, వానిలో అత్యధికభాగము బ్లింక్ ఇంజనుపై కట్టినవే. మైక్రోసాఫ్టుకూడ తన ఎడ్జ్ బ్రౌజరును 2020 జనవరిలో ఈ ఇంజనుపైకే మార్చినది.

తెలుగువారికి ఈ కంపోజిటరు పనితనము బాగుగ తెలిసిన విషయమే. 2000వ సంవత్సర ప్రాంతమున తెలుగు దినపత్రికలు తమ సొంత ఫాంటులతో, తమ సొంత సంకేతములతో పుటలను తయారుచేసెడివి. ఫాంటును పుటతోపాటు పంపు ఏర్పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు ఒకటి, నెట్‌స్కేపునకు వేరొకటి. ఈ రెండును లేని బ్రౌజరులో అదే వార్త తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని రోమను అక్షరములు కనబడెడివి. కనెక్షనుతో ఏ బ్రౌజరు వచ్చినదో దానినిబట్టి పత్రిక చదువగలుగుటయో, చదువలేకపోవుటయో జరిగెడిది. యూనికోడ్ ప్రమాణములో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది గాని, గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వెలువడిన 2001 తరువాతనే సామాన్యుని కంప్యూటరులో అది సరిగ కనిపించుట మొదలైనది. ఈ నడిమికాలమున పద్మ అను చిన్న ఉపకరణము, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకొనదగినది, పత్రికల పాతసంకేతములను యూనికోడులోనికి మార్చి చూపెడిది. తెలుగు పాఠకునకు బ్రౌజరును మార్చుకొనుటవలన ప్రత్యక్షప్రయోజనము కలిగిన సందర్భమిది.

మరియొక ఉదాహరణము వింతయైనది. విజ్ఞానము అను మాటలోని 'జ్ఞా' తెరపై ఒక్క అక్షరముగ కనబడును గాని, తీగపై వచ్చునవి జకారము, విరామము, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంకేతములు. వీనిని కలిపి ఒక్క రూపముగ చేయుట వ్రాతను చూపు ప్రోగ్రాము పని. 2018 ఫిబ్రవరిలో, దీర్ఘమునకు ముందు కంటికి కనబడని మరియొక సంకేతము చేరిన 'జ్ఞా' ఆపిల్ ఫోనులకు వచ్చినపుడు, దానిని చూపబోయిన ప్రోగ్రాము ఆగిపోయెడిది. లోపము బ్రౌజరులోనిది కాదు. దానికి అడుగున నున్న వ్రాతకూర్పు భాగములోనిది. ఆ నెల 19వ తేదీన విడుదలచేసిన సవరణతో అది తొలగినది. విజ్ఞానమునకు కావలసిన అక్షరమే యంత్రమును నిలిపివేయుట తెలుగు ఉపాధ్యాయులకు నవ్వు పుట్టించు సంగతి గాని, సవరణలను ఎప్పటికప్పుడు తెచ్చుకొనవలసిన అవసరమును గూడ ఇది తెలుపుచున్నది.

ఇక కనెక్షనుతో బ్రౌజరును కలిపి యిచ్చు ఆచారము ఎట్లు వచ్చినదో చూతము. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయమున 1990లో మొదటి బ్రౌజరును తయారుచేసెను. చిత్రములను వ్రాతతో కలిపి చూపి ప్రజాదరణ పొందిన మొజాయిక్ 1993లోను, నెట్‌స్కేప్ 1994 చివరను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995 ఆగస్టులోను వచ్చినవి. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించెను. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభింపగా, హైదరాబాదునకు చెందిన సత్యం కంప్యూటర్స్ వారి అనుబంధసంస్థ సత్యం ఇన్ఫోవే ఆ నెలలోనే రంగములోనికి దిగినది.

ఆ రోజులలో బ్రౌజరును సీడీలో వేసి యిచ్చుటకు న్యాయమైన కారణమే ఉండెను. బ్రౌజరు లేనివాడు బ్రౌజరును తెచ్చుకొనుట యెట్లు? తెచ్చుకొన గలిగినను కాలమెంత పట్టును? విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. ప్రోగ్రాము 10 మెగాబైట్లు, అనగా 8 కోట్ల బిట్లు అనుకొందము. టెలిఫోనుకు తగిలించిన మోడెము సెకనుకు 28,800 బిట్లను తెచ్చును. భాగింపగా 2,778 సెకనులు, అనగా సుమారు 46 నిమిషములు. అంతసేపును టెలిఫోను బిల్లు పెరుగుచుండును. నడుమ లైను తెగినచో మరల మొదటికి రావలెను. నేడు బ్రౌజరు పదిరెట్లు పెద్దదై 100 మెగాబైట్లున్నదని తీసికొన్నను, సెకనుకు 20 మెగాబిట్ల ఫైబరుపై 40 సెకనులలో దిగును. ఇప్పటి ప్రతి కంప్యూటరులోను, ఫోనులోను ఏదో ఒక బ్రౌజరు ముందే యున్నది. అవసరము తీరిపోయినది, ఆచారము మాత్రము నిలిచియున్నది.

దీనికి హేతువు వ్యాపారము. మనుజులు తమకు ముందుగ నిచ్చిన ఏర్పాటును అరుదుగా మార్చుకొందురు. ఈ స్వభావమును మొదట పెద్దయెత్తున ఉపయోగించుకొన్నది మైక్రోసాఫ్టు. 1996 మార్చిలో అది అమెరికా ఆన్‌లైన్ అను సేవాసంస్థతో ఒడంబడిక చేసికొనెను. అమెరికా ఆన్‌లైన్ తన చందాదారులకు పంపు ప్రోగ్రాములో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును చేర్చవలెను. బదులుగ విండోస్ తెరపై ఆ సంస్థకు చోటు లభించును. ఇతర సేవాసంస్థలకు మైక్రోసాఫ్టు ఒక ఉచిత ఉపకరణమును పంచినది. దానితో ఏ సంస్థయైనను తన పేరును, ముద్రను, మొదటి పుటను చేర్చి, ఎక్స్‌ప్లోరరును తన సొంత బ్రౌజరువలె పంచిపెట్టవచ్చును. విండోస్‌లోని సేవాసంస్థల పట్టికలో చోటు పొందినవారు పోటీ బ్రౌజరు పంపిణీని పరిమితము చేయుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. అమెరికా ప్రభుత్వము, కొన్ని రాష్ట్రములు కలిసి 1998 మే 18న మైక్రోసాఫ్టుపై వేసిన వ్యాజ్యమున ఈ ఒడంబడికలు చర్చకు వచ్చినవి. సంస్థను రెండుగ చీల్చవలెనన్న ఆజ్ఞను 2001 జూన్‌లో అప్పీలు న్యాయస్థానము కొట్టివేసినను, గుత్తాధిపత్యమును అక్రమముగ కాపాడుకొన్నదన్న తీర్పును నిలిపినది.

ముందుగ నిచ్చిన స్థానమునకు ధర యెంత? దీనికిని కోర్టు రికార్డులలోనే సమాధానమున్నది. గూగుల్ తన శోధనయంత్రమును బ్రౌజర్లలోను, ఫోనులలోను తొలి స్థానమున నుంచుటకు 2021 ఒక్క సంవత్సరములో 2,630 కోట్ల డాలర్లు ఇతరులకు చెల్లించినది. ఇది గుత్తాధిపత్యమని 2024 ఆగస్టు 5న అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా తీర్పుచెప్పెను. 2025 సెప్టెంబరులో ఆయనయే, ఇతరులకు చోటులేకుండ చేయు ఒడంబడికలను నిషేధించి, క్రోమ్ బ్రౌజరును అమ్మనక్కరలేదనెను. మన దేశమున పోటీ కమిషను, ఫోనులలో ముందుగ అమర్చు ప్రోగ్రాముల విషయమై 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు ఆ జరిమానాను ఖాయపరచినది.

మన తెలుగుదేశములందు ఈ విషయము టెలివిజను పెట్టె రూపమున ఇల్లు చేరినది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఆదిలో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును కలిపి యిచ్చినది. జియో సంస్థ 2020 అక్టోబరులో జియోపేజెస్ అను బ్రౌజరును తెలుగు సహా 8 భారతీయభాషలలో వెలువరించి, 2021లో దానినే ఇండ్లలోని టెలివిజను పెట్టెలకు తగిన రూపమున అందించినది. ఇదియు బ్లింక్ ఇంజనుపై కట్టినదే. 2024 డిసెంబరులో టీ-ఫైబరు సేవలు మొదట నాలుగు గ్రామములలో ఆరంభమైనవి. పాత మహబూబునగరు జిల్లాలోని మద్దూరు వానిలో ఒకటి. టెలివిజను తెరనే కంప్యూటరువలె వాడుకొనుట ఆ సేవల విశేషములలో నొకటి. కంప్యూటరు కొనలేని కుటుంబమునకు ఇది గొప్ప సౌకర్యమనుటలో సందేహములేదు. తెలుగులో మాటలు చూపి, రిమోటుతో నడుచు బ్రౌజరును సేవాసంస్థ యిచ్చుట తప్పనుట న్యాయము కాదు. తెలియవలసినది ఆ బ్రౌజరు ఎవరి మాటను నమ్ముచున్నది అనునదే.

నల్లగొండ ప్రాంతమువారికి దీనిని సులభముగ చెప్పవచ్చును. ఫ్లోరైడు మితిమీరిన నీరు కంటికి స్వచ్ఛముగనే యుండును. రుచిలోను తేడా తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినదా లేదా అనునది పరీక్షవలననే తేలును. అట్లే నకిలీ బ్యాంకు పుట కంటికి అసలు పుటవలెనే యుండును. పరీక్ష చేయవలసినది బ్రౌజరు. ఆ పరీక్షకు సర్టిఫికెట్టు ఆధారము. బ్యాంకు కంప్యూటరు ఒక ధ్రువపత్రమును చూపును. "ఈ పేరుగల స్థలమునకు ఈ బహిరంగపు తాళపుచెవి చెందినది" అని దానిపై ఒక ధ్రువీకరణసంస్థ సంతకముండును. ఆ సంస్థను నమ్మవచ్చునని మరియొక పెద్ద సంస్థ సంతకము చేసియుండును. ఈ వరుస ఎచ్చటనో ఆగవలెను గదా! ఆగు చోటు బ్రౌజరు గాని, దాని క్రిందనున్న ఆపరేటింగ్ సిస్టము గాని తనతో తెచ్చుకొను ఒక పట్టిక. నూరుకు మించిన మూలపత్రములు అందులోనుండును. వానిలో ఒకదానిని చేరిన ధ్రువపత్రము సరియైనది. చేరనిదానికి హెచ్చరిక కనబడును. ఇంటివారిలో ఎవరును ఆ పట్టికను చూచియుండరు. వారి పక్షమున బ్రౌజరు చేసిన నిర్ణయమది.

ఈ పట్టిక ప్రాముఖ్యము 2014 జూలైలో మన దేశమున తేటతెల్లమైనది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు ధ్రువీకరణ విభాగమునుండి, గూగుల్‌కు చెందిన కొన్ని పేర్లపై అనధికారమైన సర్టిఫికెట్లు వెలువడినట్లు ఆ నెల 2వ తేదీన గూగుల్ గుర్తించినది. ఆ విభాగమునకు పైన నున్న మూలసంస్థ భారతప్రభుత్వపు ధ్రువీకరణ నియంత్రణాధికారి. ఆ మూలపత్రము మైక్రోసాఫ్టు పట్టికలో ఉండెను. కనుక విండోస్ పట్టికను నమ్ము బ్రౌజర్లు ఈ దొంగపత్రములను మంచివని తీసికొనగలవు. ఫైర్‌ఫాక్స్ పట్టిక వేరు. అందులో ఆ పేరు లేదు. ఒకే ఇంటిలో, ఒకే తీగపై, ఒకే కంప్యూటరులో రెండు బ్రౌజర్లు ఒకే ధ్రువపత్రమును గూర్చి రెండు విధములుగ తీర్పుచెప్పు స్థితి యది. మరునాడే నియంత్రణాధికారి ఆ విభాగపు అధికారపత్రములను రద్దుచేసిరి.

కజకస్తానులో జరిగినది ఇంకను తీవ్రమైనది. 2019 జూలైలో అచ్చటి ఇంటర్నెట్టు సేవాసంస్థలు చందాదారులను ప్రభుత్వపు మూలపత్రమొకటి తమ యంత్రములలో చేర్చుకొనుమని కోరినవి. చేర్చుకొన్నవారి రహస్యసంభాషణను నడుమ విప్పి చూచి, మరల మూసి పంపుటకు దానివలన వీలగును. ఆగస్టులో మొజిల్లా, గూగుల్, ఆపిల్ సంస్థలు తమ బ్రౌజర్లు ఆ పత్రమును తిరస్కరించునట్లు చేసినవి. తీగ ఒకరిదై, బ్రౌజరు వేరొకరిదైనందుననే ఇది సాధ్యమైనది. రెండును ఒకరి చేతిలోనున్నచో తిరస్కరించువారెవరు?

ఇచ్చట ఒక భేదమును స్పష్టముగ తెలిసికొనవలెను. సామాన్యముగ తాళము గుర్తుతో కూడిన పుటను చదువునపుడు, కనెక్షను ఇచ్చిన సంస్థకు ఏ స్థలమునకు పోయితిరో తెలియగలదు. అచ్చట ఏమి చదివితిరో, ఏమి వ్రాసితిరో తెలియదు. పోస్టుమాను కవరుపైని చిరునామాను చదువగలడు, లోపలి ఉత్తరమును చదువలేడు. కాని బ్రౌజరు కవరు విప్పిన తరువాతి స్థానమున కూర్చున్నది. వ్రాసిన ప్రతి అక్షరము దాని ముందే యుండును. సేవాసంస్థయే బ్రౌజరును కూడ ఇచ్చినచో పోస్టుమానే ఉత్తరమును చదివి వినిపించు గుమాస్తాయైనట్లు. అతడు నమ్మకస్థుడు కావచ్చును. కాడనుటకు ఆధారము లేనిదే నింద వేయరాదు. ఐనను తెరలేని స్థలమున తెర అనవసరము, ఉన్న తెరను తొలగించునపుడు ఇంటివారికి తెలిసియుండవలెను. బ్రౌజరుతో వచ్చు నియమపత్రమున ఏ సమాచారము సేకరింతురో వ్రాసియుండును. దానిని చదువక అంగీకరించుట సర్వసామాన్యమైన అలవాటు.

సవరణల విషయము మరియొకటి. ఇంజనులలో లోపములు తరచు బయటపడుచుండును. బ్లింక్ ఇంజనుకు ఆధారమైన క్రోమియం 2021నుండి నాలుగు వారములకొక కొత్త సంచికతో వచ్చుచున్నది. దానిపై కట్టిన బ్రౌజర్లన్నియు వెంటనే ఆ మార్పులను తెచ్చుకొనవలెను. కంప్యూటరులోని బ్రౌజరు తనంతట తాను మారుచుండును. టెలివిజను పెట్టెలోని బ్రౌజరు సేవాసంస్థ సవరణను పంపిననే మారును. పంపనిచో పాతదియే నిలిచియుండును. పాత ఇంజనులో వికీపీడియా చదువుటకు బాధలేదు, బ్యాంకు పని చేయుట వేరు సంగతి.

తరగతిలో దీనిని పరీక్షించుటకు ఖర్చులేదు. ఒకే తెలుగు పుటను రెండు బ్రౌజర్లలో తెరచి, చిరునామా ప్రక్కనున్న గుర్తును నొక్కి, సర్టిఫికెట్టు ఇచ్చినవారి పేరు, గడువు తేదీ చూడవచ్చును. బ్రౌజరు గూర్చి తెలుపు పుటలో సంచిక సంఖ్య యుండును. దానిని ఆ బ్రౌజరు తయారుచేసినవారు చివరిగ విడుదలచేసిన సంఖ్యతో పోల్చవలెను. సెట్టింగులలో మొదటి పుట, శోధనయంత్రము ఎవరివో చూచి, మార్చుటకు వీలున్నదా లేదా పరిశీలింపవలెను. కొన్ని పెట్టెలలో ఆ వీలుండదు. అట్టి పెట్టె యున్న ఇంటిలోనైనను అదే కనెక్షనుపై వైఫై ద్వారా ఫోనులో ఇష్టమైన బ్రౌజరును వాడుకొనవచ్చును. చందా చెల్లించినది తీగకు. బ్రౌజరు మార్చినంతమాత్రమున కనెక్షను ఆగదు. ఈ సంగతి ఇండ్లలో పెద్దవారికి తెలియజేయదగినది.

భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ 2023 ఆగస్టులో స్వదేశీ బ్రౌజరు తయారీకి పోటీ పెట్టెను. భారతీయ ధ్రువీకరణ నియంత్రణాధికారి మూలపత్రమును నమ్ము పట్టిక బ్రౌజరులో ఉండవలెనని అందొక నియమము. 2025 మార్చిలో ఫలితములు ప్రకటింపగా జోహో సంస్థవారి ఉలా బ్రౌజరుకు మొదటి బహుమతి, కోటి రూపాయలు, లభించినది. పింగ్, అజ్న అనునవి తరువాతి స్థానములు పొందినవి. ఉలాకు ఇంజను మరల క్రోమియమునుండి వచ్చినదే. కంపోజిటరు ఒక్కడే, మారునది ఎవరిని నమ్మవలెనో చెప్పు పట్టిక.